ఒక ఎమ్మారై రిపోర్టుకు వ్యాఖ్యానం

డెబ్బై దాటిన వాళ్లకు మెదడు ఎమ్మారై తీయిస్తే, చేతికొచ్చే రిపోర్టు చివర ‘ఇంప్రెషన్’ అని ఒక భాగం ఉంటుంది. ఐదారు వాక్యాలకు మించదు. కొడుకో కోడలో స్కాన్ సెంటరు మెట్ల మీద నిలబడి దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, చదువుకున్న బంధువుకు వాట్సాప్‌లో పంపుతారు. ‘అట్రోఫీ అని రాశారు, ప్రమాదమా?’ అని అడుగుతారు. ఒక్క ముక్కలో జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదది. ఆ ఐదారు వాక్యాల వెనక నూట ఇరవై ఏళ్ల పరిశోధన ఉంది. పదిహేనేళ్లుగా కొత్తగా తేలినవీ, తేలాయనుకుని మళ్లీ సందేహంలో పడినవీ ఉన్నాయి. వాటిని పదం వెంట పదంగా విప్పి చెప్పడానికే ఈ వ్యాఖ్యానం. మూలం ఇది:

వయసు 72. డిఫ్యూజ్ సెరిబ్రల్ అట్రోఫీ, ఏజ్ రిలేటెడ్. మీడియల్ టెంపోరల్ లోబ్ అట్రోఫీ, ఎంటీఏ స్కోరు 2. పెరివెంట్రిక్యులర్ వైట్ మేటర్ హైపర్‌ఇంటెన్సిటీస్, ఫాజెకాస్ గ్రేడ్ 2. ప్రామినెంట్ పెరివాస్క్యులర్ స్పేసెస్. నో అక్యూట్ ఇన్‌ఫార్క్ట్, నో హెమరేజ్, నో మాస్ లీజన్. సజెస్టెడ్ క్లినికల్ కోరిలేషన్.

ఇది ఏ ఒక్కరి రిపోర్టూ కాదు. ఇలాంటి రిపోర్టులన్నిటా కనిపించే మాటలను ఒక చోట చేర్చాను. పదాల్లోకి దిగే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోవాలి. స్కాన్‌లో కనిపించేది మెదడు ఆకారం. లోపల నడిచే జబ్బు వేరు. మనిషి రోజు గడుపుకునే తీరు మరొకటి. ఈ మూడూ కలిసి నడవవు, వాటి మధ్య ఏళ్ల ఎడం ఉంటుంది. మెదడు మీద జరుగుతున్న కొత్త పరిశోధన చాలా మటుకు ఆ ఎడం గురించే.

డిఫ్యూజ్ సెరిబ్రల్ అట్రోఫీ, ఏజ్ రిలేటెడ్

మెదడంతా కొంత కుదించుకుపోయింది, ఆ కుదింపు వయసుకు తగ్గట్టే ఉంది అని తాత్పర్యం. ఇంట్లోవాళ్ల కళ్లు ‘అట్రోఫీ’ దగ్గరే ఆగిపోతాయి, పక్కనున్న ‘ఏజ్ రిలేటెడ్’ దాకా పోవు.

పెద్దవాళ్ల మెదడు బరువు 1,300 నుంచి 1,400 గ్రాముల దాకా ఉంటుంది. నడివయసు నుంచే అది కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. అరవై దాటాక ఆ తగ్గుదల జోరందుకుంటుంది. రోజూ వేలకొద్దీ న్యూరాన్లు చచ్చిపోవడమే దీనికి కారణమని ఒకప్పుడు చెప్పేవారు, జనంలో ఆ మాట ఇప్పటికీ ఉంది. 1997లో డెన్మార్క్‌లో పక్కెన్‌బర్గ్, గుండర్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, చనిపోయిన 94 మంది మెదళ్లను తీసుకుని పద్ధతి ప్రకారం లెక్కగట్టారు. ఇరవై ఏళ్ల వయసుకూ తొంభై ఏళ్ల వయసుకూ మధ్య మెదడు పైపొరలోని న్యూరాన్ల సంఖ్యలో తేడా పదో వంతు మాత్రమే వచ్చింది. మనిషి మెదడులో న్యూరాన్లు సుమారు 8,600 కోట్లని 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు తేల్చారు. వయసు ఒక్కటే ఆ రాశిని ఖాళీ చేయదు. మెదడు కుదించుకుపోవడానికి కణాలు పోవడం కన్నా వాటి కొమ్మలు కురచ కావడం ముఖ్య కారణం. ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు అందించే సినాప్సులు తగ్గుతాయి. న్యూరాన్ల పొడవాటి తీగలను చుట్టి ఉండే మైలిన్ పొర పలచబడుతుంది.

నిత్యజీవితంలో దీని ఫలితం నిదానం. ఒకేసారి రెండు పనులు చూసుకోవడం కష్టమవుతుంది. పెళ్లిలో ఎదురైన దూరపు బంధువు పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతుంది, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొస్తుంది. ఇది వయసు. పోగుచేసుకున్న మాటలూ లోకజ్ఞానమూ మాత్రం అరవైల్లో కూడా తరగవు, కొందరిలో పెరుగుతాయి కూడా. అదే, నలభై ఏళ్లుగా పులిహోర కలిపిన ఇల్లాలు పోపు ముందా పులుసు ముందా అని తేల్చుకోలేక పొయ్యి దగ్గర నిలబడిపోయిందనుకోండి, నాలుగు రోజుల తరువాత మళ్లీ అలాగే జరిగిందనుకోండి, దాన్ని వయసు ఖాతాలో వేయకూడదు. ‘పెద్దదయిపోయింది కదా’ అంటూ ఇంటిల్లిపాదీ సర్దుకుపోయే ఆ రెండు మూడేళ్లే వైద్యానికి అక్కరకొచ్చే కాలం. ఆ కాలం చేజారిపోవడమే నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. మన దేశంలో అరవై దాటిన వాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వీళ్లలో ఎక్కువమందికి జబ్బు పేరు ఎవరూ చెప్పి ఉండరు.

‘వయసుకు తగ్గట్టు’ అన్నప్పుడు ఎక్కడి మనుషుల వయసుతో పోల్చి చెబుతున్నారన్నది ఇంకో చిక్కు. పరిశోధకులు ప్రపంచమంతటా కొలబద్దగా వాడే మెదడు పటం కెనడాలోని మాంట్రియల్‌లో తయారైంది. 2019లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు వంద మంది భారతీయ యువతీయువకుల ఎమ్మారైలు తీసుకుని మన పటం ఒకటి సిద్ధం చేశారు. పాశ్చాత్యుల పటంతో పోల్చితే మన మెదడు సగటున ఎత్తు, వెడల్పు, పరిమాణం అన్నిటా కాస్త చిన్నదని తేలింది. తెలివితేటలకు దీనితో నిమిత్తం లేదు. కుదింపు ఎంతో కంప్యూటరు కొలిచి చెప్పేటప్పుడు మాత్రం నిమిత్తం ఉంది. పరాయి కొలబద్దతో కొలిస్తే పుట్టుకతో ఉన్న చిన్నదనాన్ని కూడా కుదింపుగా లెక్కేసే ప్రమాదం ఉంది. డెబ్బై ఏళ్ల మన వాళ్లకు కూడా ఇలాంటి పటాలు కావాలి.

మీడియల్ టెంపోరల్ లోబ్ అట్రోఫీ, ఎంటీఏ స్కోరు 2

రిపోర్టులో బరువైన వాక్యం ఇది. మెదడుకు రెండు పక్కలా, చెవుల ఎత్తులో, లోపలి అంచున హిప్పోకాంపస్ ఉంటుంది. కొత్తగా జరిగినదాన్ని జ్ఞాపకంగా మార్చి నిలిపేది అదే. ఈ సంగతి లోకానికి తెలిసింది ఒక మనిషి దురదృష్టం వల్ల. అమెరికాలోని హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు ఆగడం కోసం 1953లో ఆపరేషన్ చేసి, రెండు వైపులా ఈ భాగాన్ని చాలా మటుకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. ఆనాటి నుంచి 2008లో చనిపోయే దాకా కొత్త జ్ఞాపకం అంటూ ఆయనకు దాదాపు నిలవలేదు. ఆయనను పరీక్షించిన బ్రెండా మిల్నర్, అద్దంలో మాత్రమే చూస్తూ కాగితం మీద నక్షత్రం గీయమని రోజూ ఇచ్చేవారు. రోజురోజుకూ ఆయన చెయ్యి కుదురుకుంది, గీత చక్కబడింది. కానీ ఆ పని ముందు ఎప్పుడైనా చేశారా అంటే ఎప్పుడూ చేయలేదనే చెప్పేవారు. చేతికి అబ్బే నేర్పు ఒక చోట, జరిగిన సంగతుల జ్ఞాపకం ఇంకో చోట ఉంటాయని అలా తెలిసింది. జ్ఞాపకశక్తి తగ్గిన పెద్దాయన ఉదయం ఏం తిన్నారో చెప్పలేకపోయినా, పంచె మాత్రం ఎప్పటిలా కట్టుకోగలిగేది ఇందువల్లే.

ఎంటీఏ స్కోరు సున్నా నుంచి నాలుగు దాకా ఉంటుంది. 1992లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుడు ఫిలిప్ షెల్టెన్స్ బృందం దీన్ని రూపొందించింది. రేడియాలజిస్టు అడ్డుకోత చిత్రాన్ని కంటితో చూసి, హిప్పోకాంపస్ ఎత్తు ఎంత తగ్గింది, పక్కనున్న సందులు ఎంత వెడల్పయ్యాయి అని అంచనా కడతారు. 75 ఏళ్ల లోపు వాళ్లకు 2 వచ్చినా అది మామూలు సంగతి కాదు. 75 దాటిన వాళ్లకు 3 అయితేనే అలా అనుకుంటారు. మన మూలంలో వయసు 72, స్కోరు 2. అంటే పట్టించుకోవాలి. అయినా అల్జీమర్స్ అని తేల్చడానికి ఇది చాలదు. తొంభైల దాపున ఉన్నవాళ్లలో టీడీపీ-43 అనే ఇంకో ప్రొటీను పేరుకున్నా హిప్పోకాంపస్ ఇలాగే చిక్కిపోతుంది. దానికి 2019లో ‘లేట్’ అని వేరే పేరు పెట్టారు.

హిప్పోకాంపస్‌ను మళ్లీ పెంచుకోవచ్చా అన్నది అందరూ అడిగే ప్రశ్న. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టును వారానికి మూడు రోజులు నలభై నిమిషాల చొప్పున ఏడాది పాటు నడిపించారు. రెండో జట్టు చేత ఒళ్లు సాగదీసే తేలికపాటి వ్యాయామం చేయించారు. నడిచిన వాళ్ల హిప్పోకాంపస్ 2 శాతం పెరిగింది, రెండో జట్టులో 1.4 శాతం తగ్గింది. తరువాత జరిగిన పరీక్షలన్నీ ఇంత స్పష్టంగా చెప్పలేదు. కాబట్టి నడక మందు అని నేను అనను, నడవమని మాత్రం గట్టిగా చెబుతాను. ఆ భాగంలో పెద్దయ్యాక కొత్త న్యూరాన్లు పుడతాయా అన్నది మరో వివాదం. 1998లో పుడతాయన్నారు, 2018లో ఒకే ఏడాది ఒక బృందం లేదనీ మరొకటి ఔననీ ప్రకటించాయి. 2025లో స్వీడన్ బృందం వాటికి మాతృకలైన కణాలను పెద్దల మెదడులో చూపించింది. కొందరిలో అవి బాగా ఉన్నాయి, కొందరిలో దాదాపు లేవు.

రిపోర్టులో లేని రెండు పదాలు: అమిలాయిడ్, టౌ

మూలంలో లేని పదాలకు వ్యాఖ్యానం రాయకూడదు. అయినా ఈ రెండూ లేకుండా పై వాక్యం అర్థం కాదు. మామూలు ఎమ్మారైకి ఇవి కనిపించవు.

1901లో ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో 51 ఏళ్ల ఆవిడ ఒకరు చేరారు. ఆవిడ పేరు ఆగస్టె డీటర్. భర్త మీద అకారణమైన అనుమానం, మాటల తడబాటు, తన పేరే రాయలేకపోవడం. ఆమెను చూసిన వైద్యుడు అలోయిస్ అల్జీమర్. 1906లో ఆమె చనిపోయాక మెదడును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, కణాల వెలుపల మచ్చల్లా పేరుకున్న ముద్దలు, కణాల లోపల చిక్కుపడిన దారాలు కనిపించాయి. ఆ ముద్దలు అమిలాయిడ్, ఆ దారాలు టౌ అని రూఢి కావడానికి మరో ఎనభై ఏళ్లు పట్టింది.

1984లో జార్జ్ గ్లెనర్ అమిలాయిడ్ ప్రొటీనును వేరు చేశారు. దాన్ని పుట్టించే జన్యువు 21వ క్రోమోజోము మీద ఉందని మూడేళ్లకు తేలింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు ఆ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉంటాయి, నలభై ఏళ్లు వచ్చేసరికి వాళ్ల మెదళ్లలో అమిలాయిడ్ ముద్దలు కనిపిస్తాయి. ఈ ఆధారాలన్నీ కలిపి జాన్ హార్డీ, జెరాల్డ్ హిగ్గిన్స్ 1992లో, జబ్బుకు మొదలు అమిలాయిడేనని ప్రతిపాదించారు. బతికున్న మనిషి మెదడులో అమిలాయిడ్‌ను పెట్ స్కాన్‌తో చూడడం 2004లో పిట్స్‌బర్గ్ శాస్త్రవేత్తల చలవతో సాధ్యమైంది. అప్పటి నుంచి తెలిసినదేమిటంటే, మతిమరుపు బయటపడడానికి పదిహేను ఇరవై ఏళ్ల ముందే అమిలాయిడ్ పేరుకోవడం మొదలవుతుంది. అది పేరుకున్నా ఏ లోపమూ లేని వాళ్లు ఎందరో ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న తొంభై ఏళ్ల వాళ్లలో నలభై శాతం పైచిలుకు మందికి అమిలాయిడ్ ఉంటుంది.

మతిమరుపుకు దగ్గరి చుట్టం టౌ. న్యూరాన్ తీగల లోపల సన్నటి గొట్టాలుంటాయి, సరుకు రవాణా వాటి మీదుగా జరుగుతుంది. మేడ కట్టేటప్పుడు పరంజా బొంగుల్ని కొబ్బరితాడుతో బిగించినట్టు టౌ ఆ గొట్టాలను పట్టి ఉంచుతుంది. జబ్బులో ఈ తాళ్లు ఊడి, ఒకదానికొకటి చుట్టుకుని ఉండలు కడతాయి, రవాణా నిలిచిపోతుంది. 1991లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్, ఎవా బ్రాక్ దంపతులు ఈ ఉండలు ఏ వరసలో పాకుతాయో పటం గీశారు. హిప్పోకాంపస్‌కు వాకిలి లాంటి ఎంటోరైనల్ భాగంలో మొదలై, హిప్పోకాంపస్‌లోకి, అక్కడి నుంచి మెదడు పైపొర అంతటా పాకుతాయి. ఎంటీఏ స్కోరు ఈ దారిలో మిగిలిన నష్టాన్ని చూపిస్తుంది.

ఈ రెండూ ఎలా ముడిపడి ఉన్నాయో చూపిన ఒక మహిళ కథ చెప్పకుండా ముందుకు పోలేను. కొలంబియాలోని ఆంటియోకియా ప్రాంతంలో ఒక పెద్ద వంశం ఉంది. ఒకే ఒక్క జన్యుదోషం వల్ల ఆ వంశంలో నలభైల్లోనే అల్జీమర్స్ మొదలవుతుంది. ఫ్రాన్సిస్కో లొపేరా అనే వైద్యుడు దశాబ్దాల పాటు ఊరూరా తిరిగి వాళ్ల వంశవృక్షం రాశారు. ఆ దోషం ఉండి కూడా డెబ్బై ఏళ్ల దాకా జ్ఞాపకం చెక్కుచెదరని ఒక మహిళ ఆయన బృందం కంటపడింది. పెట్ స్కాన్ తీస్తే ఆమె మెదడు నిండా అమిలాయిడ్ ఉంది, వంశంలో ఎవరికీ లేనంత. టౌ మాత్రం చాలా తక్కువ. ఏపీఓఈ అనే జన్యువులో క్రైస్ట్‌చర్చ్ అనే అరుదైన మార్పు ఆమెకు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా సంక్రమించిందని 2019లో ప్రకటించారు. అమిలాయిడ్ నుంచి టౌ దాకా జబ్బు నడిచే దారిలో ఎక్కడో ఒక చోట దాన్ని అడ్డుకోవచ్చని ఆ ఒక్క మనిషి మెదడు చూపించింది. ఆ అడ్డును మందుగా మలచడానికి ప్రయత్నాలు నడుస్తున్నాయి. ఇదే ఏపీఓఈ జన్యువులోని నాలుగో రకం ఒక ప్రతి ఉంటే ముప్పు సుమారు మూడింతలు, రెండు ప్రతులుంటే అంతకన్నా చాలా ఎక్కువ అవుతుంది.

అమిలాయిడ్ నుంచి టౌ దాకా నడిచే ఆ దారి మధ్యలో ఉన్నవి మైక్రోగ్లియా కణాలు. ఇవి మెదడుకు కాపలా కాస్తాయి, చెత్తను మింగేస్తాయి. 2012, 2013ల్లో ట్రెమ్2 అనే జన్యువులోని మార్పులు అల్జీమర్స్ ముప్పును పెంచుతాయని తెలిశాక అందరి చూపూ వీటి మీదికి మళ్లింది. జబ్బు తొలిదశలో ఇవి బతికున్న సినాప్సులను కూడా మింగుతున్నాయని 2016లో ఎలుకల్లో చూశారు. రోగనిరోధక వ్యవస్థకు ఈ జబ్బులో పాత్ర ఉందనడానికి మనుషుల్లో బలమైన సూచన 2025లో వేల్స్ నుంచి వచ్చింది. అక్కడ సర్పి రాకుండా వేసే టీకా పథకంలో 1933 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టిన వాళ్లకే టీకా వేశారు. ఆ తేదీకి ఒక వారం ముందు పుట్టినవాళ్లకూ ఒక వారం తరువాత పుట్టినవాళ్లకూ టీకా తప్ప వేరే తేడా ఉండే అవకాశం లేదు. ఏడేళ్లలో టీకా తీసుకున్న వాళ్లలో డిమెన్షియా సుమారు ఐదో వంతు తగ్గింది.

మందుల సంగతి. అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్‌ను 1,795 మంది మీద పద్దెనిమిది నెలలు పరీక్షించి 2022లో ఫలితాలు ప్రకటించారు. ఆ పరీక్షలో మందును రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించారు. మెదడులో అమిలాయిడ్ చాలా మటుకు పోయింది. 18 పాయింట్ల కొలమానం మీద మందు లేని వాళ్లు 1.66 పాయింట్లు దిగజారితే మందు తీసుకున్న వాళ్లు 1.21 దిగజారారు. తేడా 0.45. పత్రికల్లో దీన్నే 27 శాతం అని రాశారు. జబ్బు ఆగలేదు, కొంచెం నెమ్మదించింది. ఎనిమిది మందిలో ఒకరికి మెదడులో నీరు చేరింది, కొందరికి చిన్న చిన్న రక్తస్రావాలు అయ్యాయి. 2024లో డొనానెమాబ్ అనే ఇంకో మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. జబ్బు మూలం మీద పనిచేసే మందు రావడం నిస్సందేహంగా పెద్ద అడుగు. కానీ ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చుకోవాల్సినంత మేలు అందులో ఇంకా లేదని నా అభిప్రాయం. 2024లోనే, అమిలాయిడ్ మీద 2006లో వచ్చి ఎంతో పేరు పొందిన ఒక పరిశోధన పత్రాన్ని బొమ్మల్లో మార్పులు చేశారని తేలడంతో వెనక్కు తీసుకున్నారు. ఆ పత్రంతో అమిలాయిడ్ వాదమంతా కూలిందనడం తప్పు. జన్యువుల సాక్ష్యం దానికన్నా పాతది, దానికన్నా గట్టిది.

రోగులకు ఇంతకన్నా దగ్గరైన మార్పు రక్తపరీక్ష. పీ-టౌ 217 అనే ప్రొటీనును, అమిలాయిడ్ 42ను కలిపి కొలిచే పరీక్షకు 2025 మేలో అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. పెట్ స్కాన్ లేకుండానే మెదడులో అమిలాయిడ్ ఉందో లేదో చాలా మటుకు చెప్పగలదు. జ్ఞాపకం తగ్గినట్టు అనుమానం ఉన్నవాళ్లకే ఇది. బాగున్న వాళ్లు ఊరికే కుతూహలం కొద్దీ చేయించుకునే పరీక్ష కాదు.

పెరివెంట్రిక్యులర్ వైట్ మేటర్ హైపర్‌ఇంటెన్సిటీస్, ఫాజెకాస్ గ్రేడ్ 2

మెదడు లోపలి నీటి గదుల చుట్టూ తెల్లటి మచ్చలున్నాయని అర్థం. సన్నటి రక్తనాళాలు గట్టిపడి, ఇరుకై, లోలోపలి తీగలకు రక్తం సరిగా అందకపోవడం వల్ల వస్తాయి. ఆస్ట్రియాలోని గ్రాజ్‌కు చెందిన ఫ్రాంజ్ ఫాజెకాస్ 1987లో వీటికి సున్నా నుంచి మూడు దాకా గ్రేడ్లు పెట్టారు. ఒకటి చాలామంది పెద్దవాళ్లకు ఉంటుంది. రెండు అంటే మచ్చలు నీటి గదుల చుట్టూ నునుపైన వలయంలా పరుచుకున్నాయి. ఈ మచ్చలున్న వాళ్లలో నడక నెమ్మదిస్తుంది, ఆలోచన నిదానిస్తుంది, ఏ పనీ చొరవగా మొదలుపెట్టరు. ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకుంటారు.

రిపోర్టులో అందరూ దాటేసే వాక్యం ఇదే, మన చేతిలో ఎక్కువగా ఉన్నదీ ఇదే. అమెరికాలో 9,361 మంది బీపీ రోగులను రెండుగా విడదీసి, ఒక సగానికి పై అంకె 120 లోపు ఉండేలా, రెండో సగానికి 140 లోపు ఉండేలా మందులిచ్చారు. 2019లో వచ్చిన ఫలితం: మొదటి సగంలో తేలికపాటి జ్ఞాపకలోపం 19 శాతం తక్కువ. తెల్లమచ్చలు కూడా నెమ్మదిగా పెరిగాయి. డిమెన్షియా తగ్గిందని గట్టిగా చెప్పడానికి మాత్రం లెక్కలు చాలలేదు. చనిపోయిన వాళ్ల మెదళ్లు పరీక్షించినప్పుడు, ఎనభై దాటిన వాళ్లలో అల్జీమర్స్ ఒక్కటే ఉన్నవాళ్ల కన్నా దానితో పాటు రక్తనాళాల నష్టం కలిసి ఉన్నవాళ్లే ఎక్కువ. లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ 2024 లెక్క ప్రకారం, మార్చుకోదగ్గ పద్నాలుగు కారణాలను జీవితకాలంలో సరిచేసుకోగలిగితే డిమెన్షియాలో సుమారు 45 శాతాన్ని నివారించవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు. అందులో బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్, పొగతాగడంతో పాటు వినికిడి లోపం, చూపు మందగించడం కూడా ఉన్నాయి. ‘ఈ వయసులో చెవి మిషను ఎందుకు’ అనేవాళ్లకు ఈ జాబితా చూపించండి. నలభై ఐదేళ్ల కొడుకు తండ్రి రిపోర్టు పట్టుకుని కంగారుపడుతూ తన బీపీ మాత్ర మానేయడం నేను చూశాను. తెల్లమచ్చలు మొదలయ్యే వయసు అదే.

ప్రామినెంట్ పెరివాస్క్యులర్ స్పేసెస్

రక్తనాళాల చుట్టూ ఉండే సన్నటి నీటిదారులు కొంచెం వెడల్పయ్యాయని. ఒకప్పుడు దీన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. 2012లో మైకెన్ నెడర్‌గార్డ్ బృందం ఈ దారుల వెంట ద్రవం పారుతూ మెదడులోని వ్యర్థాలను కడిగేస్తుందని ఎలుకల్లో చూపింది. నిద్రలో కణాల మధ్య ఖాళీ 60 శాతం పెరుగుతుందనీ, అప్పుడే అమిలాయిడ్ వేగంగా బయటికి పోతుందనీ 2013లో ప్రకటించింది. అప్పటి నుంచి నిద్రలో మెదడు శుభ్రపడుతుందన్న మాట ఊరూరా పాకింది. 2024లో లండన్ పరిశోధకులు ఇంకో పద్ధతిలో కొలిస్తే, ఎలుకల్లో నిద్రపోయేటప్పుడు ఈ శుద్ధి తగ్గుతుందని వచ్చింది. తగువు ఇంకా తెగలేదు. నిద్ర చాలని వాళ్ల జ్ఞాపకం చెడుతుందన్నది మాత్రం దీనితో సంబంధం లేకుండా నిలిచిన నిజం.

నో అక్యూట్ ఇన్‌ఫార్క్ట్, నో హెమరేజ్, నో మాస్ లీజన్

కొత్త పక్షవాతం లేదు, రక్తస్రావం లేదు, గడ్డ లేదు. ‘లేదు’ అని రాసిన ఈ వాక్యం కోసమే చాలాసార్లు స్కాన్ తీయిస్తారు. నెల క్రితం బాత్‌రూమ్‌లో జారిపడిన పెద్దాయనకు పుర్రె లోపల నెమ్మదిగా రక్తం చేరి మతి తప్పుతుంటే, ఆపరేషన్‌తో కోలుకోవచ్చు. స్కాన్‌కు దొరకని కారణాలు వేరే ఉన్నాయి: బీ12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, నిద్రమాత్రలు. రక్తపరీక్షలు చేయించకుండా, వేసుకుంటున్న మాత్రల చీటీ చూడకుండా డిమెన్షియా అని ముద్ర వేయకూడదు.

సజెస్టెడ్ క్లినికల్ కోరిలేషన్

‘బొమ్మలో ఇవి కనిపించాయి, మనిషిని చూసి మీరే పోల్చుకోండి’ అని రేడియాలజిస్టు న్యూరాలజిస్టుకు చెప్పే మాట. మామూలుగా ముద్రించే వాక్యమని చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో రిపోర్టు మొత్తానికి కీలకం ఇదే.

1986లో అమెరికాలో డేవిడ్ స్నోడన్ అనే శాస్త్రవేత్త క్రైస్తవ సన్యాసినుల మీద ఒక అధ్యయనం మొదలుపెట్టారు. 678 మంది అందులో చేరి, చనిపోయాక తమ మెదళ్లను ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అందరిదీ ఒకే తిండి, ఒకే రకం జీవితం. వాళ్లలో ఒకావిడ 101వ ఏట చనిపోయేదాకా పరీక్షల్లో చక్కగా రాణించింది. మెదడు తెరిచి చూస్తే అమిలాయిడ్ ముద్దలు, టౌ ఉండలు సమృద్ధిగా ఉన్నాయి. ఇలాంటి వాళ్లను వివరించడానికి అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన యాకోవ్ స్టెర్న్ ‘కాగ్నిటివ్ రిజర్వ్’ అనే భావన తెచ్చారు. చదువు, పని, మనుషులతో మెలగడం మెదడుకు ప్రత్యామ్నాయ దారులు వేసిపెడతాయి, జబ్బు కొన్ని దారులు మూసినా పని సాగుతుంది.

ఈ భావనకు ప్రపంచంలోనే బలమైన ఆధారాల్లో ఒకటి హైదరాబాద్ ఇచ్చింది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం, ఎడిన్‌బరోకు చెందిన థామస్ బాక్‌తో కలిసి, 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది. తెలుగు, హిందీ, దక్కనీ ఉర్దూల్లో ఒకటికి మించి మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి అధ్యయనాలకు ఒక అనుమానం వెంటాడుతుంది: అక్కడ రెండు భాషల వాళ్లు ఎక్కువగా వలస వచ్చినవాళ్లు, కాబట్టి ఆ తేడా భాష వల్లనో వలస వల్లనో తెలియదు. హైదరాబాద్‌లో ఆ సమస్య లేదు. పాతబస్తీ దుకాణంలో ఒక బేరానికి దక్కనీ, ఇంకో బేరానికి తెలుగు మాట్లాడడం ఇక్కడ రోజూ జరిగేదే. బడి మొహం చూడని వాళ్లలో కూడా ఆ తేడా నిలిచింది. అంటే చదువుతో ముడిపడని మేలు అది. 2016లో అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని చూసింది. రెండు భాషల వాళ్లలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా నిలిచింది. ఒకే భాష వాళ్లలో అది 19.6 శాతమే.

అందుకే మనిషిని చూడకుండా బొమ్మను చదవకూడదు. మనిషిని చూడడంలో మన దగ్గర ఒక ఇబ్బంది ఉంది. చాలా పరీక్షలు అంకెలు వెనక్కి లెక్కపెట్టమనీ, వాక్యం రాయమనీ, బొమ్మ చూసి గీయమనీ అడుగుతాయి. జీవితంలో పలక పట్టని రైతు వాటిలో తప్పితే అది జబ్బు కాదు. తెలుగులోకి మలచిన పరీక్షలున్నాయి, రాయడం చదవడం రానివాళ్ల కోసం సవరించినవీ ఉన్నాయి. అవి కావాలని అడగండి. వాటికి మించి డాక్టరుకు పనికొచ్చేది ఇంట్లోవాళ్ల మాట. ‘మర్చిపోతున్నారు’ అంటే చాలదు. పింఛను డబ్బు లెక్క ఎప్పటి నుంచి తేడా వస్తోంది, తెలిసిన వీధిలో దారి తప్పింది ఏ నెలలో, అడిగిందే మళ్లీ ఎంతసేపటికి అడుగుతున్నారు, మాత్రలు రెండుసార్లు వేసుకున్నది ఎప్పుడు అని తేదీలతో రాసుకుని వెళ్లాలి. ముందు జ్ఞాపకం చెడిందా, నడక చెడిందా, స్వభావం మారిందా అన్న వరసను బట్టే అల్జీమర్సా, రక్తనాళాల నష్టమా, మరొకటా అని డాక్టరు ఒక దారి పడతారు. ఒక్క స్కాన్‌తో ఏదీ తేలదు. ఆరు నెలలకో ఏడాదికో పరీక్ష మళ్లీ చేసి, అవసరమైతే స్కాన్ కూడా మళ్లీ తీసి పోలుస్తారు. ఎంటీఏ 2 అలాగే ఉందా, 3కు వెళ్లిందా అన్నది అప్పుడు తెలుస్తుంది. కాబట్టి పాత ఫిల్మునూ, స్కాన్ సెంటరు ఇచ్చిన సీడీనీ పారేయకండి. రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళితే సరిపోదు, పోల్చి చూడాల్సింది ఆ బొమ్మలనే.